ఇంట్లో ఐదుగురం, ముగ్గురికి ఎప్పుడో హెపటైటిస్ బి వచ్చిపోయిందట. ఇది ఇంత మామూలా?

మేడమీదగది:

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా నాన్నకు 63 ఏళ్లు. మెడ దగ్గర గడ్డలు వస్తే బయాప్సీ చేశారు, లింఫోమా అనే క్యాన్సర్ అన్నారు. కీమోతో పాటు రిటుక్సిమాబ్ ఇస్తామని, దానికి ముందు చేయించాల్సిన రక్తపరీక్షల లిస్టు రాసిచ్చారు. అందులో హెపటైటిస్ బి పరీక్షలు మూడున్నాయి. రిపోర్టు ఇదీ:

హెచ్‌బీఎస్ఏజీ – నాన్ రియాక్టివ్
యాంటీ హెచ్‌బీసీ టోటల్ (కోర్ యాంటీబాడీ) – రియాక్టివ్
యాంటీ హెచ్‌బీఎస్ – 64

రిపోర్టు చేతికి రాకముందే ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చింది. "మీ నాన్నగారికి హెపటైటిస్ పాజిటివ్ వచ్చిందండీ, డాక్టర్ గారిని కలవండి" అంది ఆ అమ్మాయి. ఫోన్ స్పీకర్‌లో ఉంది, నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం చూస్తే తన గ్లాసు, తువ్వాలు, దువ్వెన తీసుకెళ్లి కిటికీ అరలో విడిగా పెట్టుకున్నారు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. మా నాలుగేళ్ల పాప ఆ గ్లాసు అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపారు. క్యాన్సర్ అన్న రోజు కూడా ఆయన ముఖం అలా అవ్వలేదు.

డాక్టర్ గారేమో "ఎప్పుడో వచ్చిపోయిందమ్మా, ఇప్పుడు వైరస్ కనబడట్లేదు, కంగారు పడొద్దు" అన్నారు. అంటూనే రోజుకొక ఎంటెకవిర్ మాత్ర వేసుకోవాలని రాశారు. వచ్చిపోయినదానికి మందెందుకో అడిగేలోపే తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇంట్లో అందరూ చేయించుకోండి అంటే చేయించుకున్నాం. అమ్మకి (59) కోర్ యాంటీబాడీ రియాక్టివ్. అన్నయ్యకి (38) కూడా రియాక్టివ్. ఇద్దరికీ హెచ్‌బీఎస్ఏజీ మాత్రం నాన్ రియాక్టివ్. నాకు (34) మూడూ ఖాళీ, అంటే ఇన్ఫెక్షనూ రాలేదు, రక్షణా లేదు. పాపకి టీకాలన్నీ వేయించాం, తనకి ఒక్క యాంటీ హెచ్‌బీఎస్ మాత్రమే ఉంది. మావారు ఉద్యోగం మీద వేరే ఊళ్లో ఉన్నారు, ఆయన ఇంకా చేయించుకోలేదు.

మా ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ పచ్చకామెర్లు రాలేదు. మరి ఐదుగురిలో ముగ్గురికి ఎలా వచ్చింది? ఎవరి నుంచి ఎవరికి వచ్చింది? అమ్మ "నా వల్లే అయ్యుంటుంది" అని ఒకటే ఏడుపు. నగరాల్లో ఇలా వచ్చిపోయినవాళ్లు మామూలుగానే ఉంటారా, లేక మా ఇంట్లోనే ఏదో తేడానా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

ల్యాబ్‌బెంచి:

మేడమీదగది గారూ, నేను డాక్టర్ని కాను. 22 ఏళ్లుగా ల్యాబ్‌లో సీరాలజీ బెంచి మీద, అంటే రక్తంలో యాంటీబాడీలు చూసే చోట పనిచేస్తున్నాను. మధ్యలో రెండేళ్లు ఇంటింటికీ తిరిగి రక్తనమూనాలు తీసే సర్వేలో ఉన్నాను. మందుల సంగతి మీ డాక్టరుదే. రిపోర్టు చదవడం, వీధిలో ఇది ఎంతుంటుందన్నది నేను చెప్పగలను.

ముందు అమ్మగారి ఏడుపు ఆపించండి. ఆవిడ ఎందుకు ఏడవక్కర్లేదో కింద చెబుతాను.

ఆ మూడు పరీక్షలూ మూడు వేరు వేరు సంగతులు చెబుతాయి. హెచ్‌బీఎస్ఏజీ అంటే వైరస్ పైపొర ప్రోటీన్. అది రక్తంలో ఉంటే వైరస్ ఇప్పుడు ఒంట్లో ఉన్నట్టు. యాంటీ హెచ్‌బీఎస్ అంటే ఆ పైపొరని అడ్డుకునే రక్షణ, 10 దాటితే చాలు అంటారు. ఇక కోర్ యాంటీబాడీ అసలు వైరస్‌ని శరీరం ఎదుర్కొంటేనే పుడుతుంది. టీకాలో పైపొర ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది, లోపలి కోర్ ఉండదు. అందుకే మీ పాపకి రక్షణ ఉంది, కోర్ లేదు. మీ నాన్నగారికి రెండూ ఉన్నాయి. అంటే ఆయన శరీరం ఎప్పుడో వైరస్‌తో పోరాడి గెలిచింది. ఆ గెలుపుని "పాజిటివ్" అనే ఒక్క మాటలో కుదించి ఫోన్‌లో చెప్పడం తప్పు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదటి వారమే చెబుతాను: ఏ పరీక్ష పాజిటివో చెప్పకుండా ఆ మాట నోట్లోంచి రానివ్వొద్దని.

కామెర్లు రాలేదన్నారు. రాకపోవడమే ఎక్కువ. ఐదేళ్లలోపు పిల్లలకి బి వైరస్ సోకితే దాదాపు ఎవరికీ పైకి ఏమీ కనబడదు. పెద్దవాళ్లలో కూడా సగం మందికో, అంతకంటే ఎక్కువ మందికో లక్షణాలుండవు. నాలుగు రోజులు నీరసం, ఆకలి లేకపోవడం, "జ్వరమేమో" అనుకుని మర్చిపోవడం, అంతే. అందుకే ఒక ఊళ్లో ఎంతమందికి వచ్చిపోయిందో కామెర్ల కేసులు లెక్కపెడితే తెలియదు, రక్తం చూడాల్సిందే.

రక్తం చూస్తే ఏం కనబడుతుందో ఒక ఉదాహరణ. అమెరికాలో దేశమంతటి నుంచీ నమూనాలు తీసే సర్వే ఒకటి ఏళ్లుగా నడుస్తోంది. 1999 నుంచి 2006 వరకు తీసిన నమూనాల్లో కోర్ యాంటీబాడీ ఉన్నవాళ్లు 4.7 శాతం. అప్పటికి వైరస్ ఒంట్లో ఉన్నవాళ్లు 0.27 శాతం. అంటే వైరస్ మోస్తున్న ఒక్కరికి, వచ్చిపోయినవాళ్లు 16 మంది దాకా ఉన్నట్టు. వైరస్ తక్కువగా ఉన్న దేశం మాట ఇది. జనాభాలో 8 శాతం, ఆ పైన వైరస్ మోసేవాళ్లున్న చోట్ల జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు సోకే అవకాశం 60 శాతం దాటుతుందని పాత పాఠ్యపుస్తకాల్లోనే ఉంటుంది. అలాంటి చోట ఒక మెట్లదారిలో ఎదురయ్యే 60 ఏళ్లవాళ్లలో వచ్చిపోనివాళ్లే తక్కువ. మీ ఇల్లు ఏ తేడా ఇల్లూ కాదు.

నా కళ్లతో చూసిన ఒక ప్లేటు గురించి చెబుతాను. యాంటీబాడీలు చూడ్డానికి వాడే ఎలైజా ప్లేటులో 96 గుంటలుంటాయి, గోరు పట్టేంత చిన్నవి. మా దగ్గర కోర్ యాంటీబాడీకి వాడే కిట్ పోటీ పద్ధతిది. అంటే మిగతా పరీక్షలకి తలకిందులు: రంగు వస్తే నెగటివ్, రంగు రాకపోతే పాజిటివ్. మనిషి రక్తంలో యాంటీబాడీ ఉంటే అదే ముందు చోటు ఆక్రమించుకుంటుంది, రంగు తెచ్చే పదార్థానికి చోటుండదు. ఒకరోజు సర్వే నమూనాలు పెడుతున్నాం. పై వరసల్లో అన్నీ 50 దాటినవాళ్లవి. కింది వరసల్లో పుట్టగానే టీకా వేయించుకున్న తరం పిల్లలవి. ఆఖర్న ఆమ్లం చుక్క వేస్తే నీలం కాస్తా పసుపుకి తిరుగుతుంది. తిరిగింది. కింది వరసలన్నీ చామంతి రేకుల్లా పసుపు. పైన చాలా గుంటలు నీళ్లలా తెల్లగా ఉన్నాయి. పక్కనున్న ట్రైనీ "మేడమ్, పైన ఏదో వెయ్యడం మర్చిపోయాం" అని కంగారుపడింది. ఏమీ మర్చిపోలేదు. టీకాకి ముందు పుట్టినవాళ్లు పైన, తర్వాత పుట్టినవాళ్లు కింద, అంతే తేడా. అందరూ ఒకే పేటవాళ్లు.

అందుకే "ఈ నగరంలో ఇంత శాతం" అని ఒక్క అంకె చెబితే నేను వెంటనే "ఏ వయసువాళ్లకి?" అని అడుగుతాను. కోర్ యాంటీబాడీ చాలామందికి జీవితాంతం ఉంటుంది. 60 ఏళ్ల మనిషి రక్తంలో కనబడేది ఇప్పుడున్న నగరం కాదు, ఆయన బాల్యం. అది ఇంకో ఊళ్లో గడిచి ఉండొచ్చు, మరిగించని సూదుల కాలంలో గడిచి ఉండొచ్చు. నగరమంటే పది చోట్ల పెరిగినవాళ్లు వచ్చి చేరిన చోటు కదా. తైవాన్‌లో 1984లో పసిపిల్లలకి బి టీకా మొదలుపెట్టారు. తైపే నగరంలో 15 ఏళ్లలోపు పిల్లల్లో వైరస్ మోసేవాళ్లు ఆ ఏడాది 9.8 శాతం, 1994కి 1.3, 1999కి 0.7. ఊరు అదే, వీధులు అవే. అంకె మార్చింది టీకా.

ఇక ఎవరి నుంచి ఎవరికి అన్న ప్రశ్న. టోటల్ కోర్ యాంటీబాడీకి తారీఖు ఉండదు. నిన్నగాక మొన్న వచ్చిందా అని చూడ్డానికి ఐజీఎం అనే వేరే పరీక్ష ఉంది, ఏళ్ల కిందటిదైతే ఏ పరీక్షా చెప్పదు. నాన్నగారికి చిన్నప్పుడే సోకి ఉండొచ్చు, అమ్మగారికి వేరే దారిలో సోకి ఉండొచ్చు, అన్నయ్యకి మీ ఇంటికి సంబంధమే లేకుండా ఏ సూది వల్లో, ఎవరి రేజరు వల్లో రావచ్చు. ఈ వైరస్ ఎండిన రక్తపు మరకలో కనీసం ఏడు రోజులు బతికి ఉంటుంది. పెద్దయ్యాక సోకితే 100కి 95 మంది దాన్ని వదిలించుకుంటారు. పుట్టినప్పుడు తల్లి నుంచి సోకితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమందికి ఒంట్లోనే ఉండిపోతుంది. అన్నయ్యకి ఉండిపోలేదు. అంటే పుట్టుకతో తల్లి నుంచి వచ్చి ఉండే అవకాశం చాలా తక్కువ. ఈ మాట అమ్మగారికి చదివి వినిపించండి.

గ్లాసు, తువ్వాలు, దువ్వెన: వీటి వల్ల ఎవరికీ ఏమీ కాదు. వైరస్ రక్తంలో ఉన్నవాళ్ల గ్లాసుతో తాగినా అంటుకోదు. నాన్నగారి రక్తంలో అసలు కనబడనే లేదు.

మాత్ర ఎందుకంటే: బి వైరస్ కాలేయకణం మధ్యలోకి, మన జన్యువులుండే చోటికి వెళ్లి, తన డీఎన్ఏని చిన్న ఉంగరంలా చుట్టి పెట్టుకుంటుంది. ఇన్ఫెక్షన్ తగ్గినా ఆ ఉంగరాలు కొన్ని అలాగే ఉండిపోతాయి. మన రోగనిరోధక శక్తి కాపలా ఉన్నంతకాలం అవి నిద్రలోనే ఉంటాయి. రిటుక్సిమాబ్ యాంటీబాడీలు తయారుచేసే బి కణాలనే తుడిచేస్తుంది, అంటే కాపలా తీసేసినట్టు. అప్పుడు నిద్ర లేస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం పెద్దది, ప్రాణాలు పోయిన కేసులున్నాయి. అందుకే 2013లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఈ మందు పెట్టె మీద గట్టి హెచ్చరిక వేయించింది. ఎంటెకవిర్ ఆ కాపలా పని చేస్తుంది. కీమో అయిపోయాక కూడా కనీసం ఏడాది వాడమంటారు. "బాగానే ఉన్నాను కదా" అని మధ్యలో ఒక్కరోజు కూడా ఆపనివ్వకండి. మీ డాక్టర్ ముందే పరీక్ష రాసి చాలా మంచి పని చేశారు.

ఇక మీరు. మూడూ ఖాళీ అంటే ఆ ఇంట్లో టీకా కావాల్సింది మీకే. ఈ వారమే మొదలుపెట్టండి. మీవారిని కూడా ఆ మూడు పరీక్షలూ చేయించుకోమనండి.

తడిమట్టి:

ల్యాబ్‌బెంచి గారూ, పెద్దల రక్తంలో బాల్యం కనబడుతుందన్నారు చూడండి, అది నా విషయంలో అక్షరాలా నిజం. కాకపోతే నాది హెపటైటిస్ ఎ.

నాకు 31వ ఏట వచ్చింది. మొదట కాఫీ రంగు మూత్రం, మూడో రోజుకి కళ్లు పసుపు. ఏడు వారాలు మంచం మీద ఉన్నాను, మెట్లు ఎక్కాలంటే గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మా అమ్మ అదే ఇంట్లో, అవే నీళ్లు తాగింది. ఆవిడకి ఏమీ కాలేదు. "నా కొడుక్కి ఇంత జబ్బు చేసి నాకెందుకు రాలేదు" అని అదో బాధ ఆవిడకి. పరీక్ష చేస్తే ఎ వైరస్ ఐజీజీ, అంటే పాత ఇన్ఫెక్షన్ మిగిల్చిన యాంటీబాడీ ఉంది. చిన్నప్పుడే వచ్చిపోయింది, ఆవిడకే తెలియదు. తర్వాత మా వీధి గొట్టం తవ్వితే మంచినీళ్ల పైపూ మురుగు పైపూ ఒకే గోతిలో, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి.

నాకు అర్థం కానిది: నేను శుభ్రంగా పెరిగినందుకే ఇంత కష్టం వచ్చిందా?

ల్యాబ్‌బెంచి:

అవును తమ్ముడూ, ఒక విధంగా అంతే. ఆరేళ్లలోపు పిల్లలకి ఎ వైరస్ సోకితే పదిమందిలో ఒక్కరికే కామెర్లు వస్తాయి. పెద్దవాళ్లకైతే పదిమందిలో ఏడుగురికి పైగా వస్తాయి. పారిశుద్ధ్యం బాగాలేని చోట పదేళ్లు నిండేలోపే 90 శాతం పిల్లలకి వచ్చి, తెలియకుండానే పోయి, జీవితాంతం రక్షణ ఇచ్చేస్తుంది. నీళ్లు, మరుగుదొడ్లు కొంత బాగుపడిన నగరంలో పిల్లలు తప్పించుకుంటారు. కానీ వైరస్ పూర్తిగా పోదు. ఆ పిల్లలే పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో దాని కంట పడతారు. నీళ్లు రోజుకి కాసేపే వదిలే చోట, పంపు ఆగాక ఖాళీ పైపు పక్కనున్న తడిని లోపలికి లాక్కుంటుంది. మీరు చెప్పిన గోతిలో జరిగింది అదే అయ్యుండొచ్చు. శుభ్రత తప్పు కాదు, సగంలో ఆగిన శుభ్రత ప్రమాదం. దానికి మందు టీకా, పైపులు వేరు చేయడం.

1988లో షాంఘైలో దాదాపు 3 లక్షల మందికి ఎ వైరస్ సోకింది, సరిగ్గా ఉడకని ఆల్చిప్పల వల్ల. మంచం పట్టినవాళ్లలో చాలామంది యువతీయువకులు. పెద్దలకి అప్పటికే వచ్చిపోయి ఉంది.

పాత యాంటీబాడీ ఒకసారి కొత్త వైరస్‌నే పట్టించింది, అది చెప్పకుండా ఉండలేను. 1955–56లో ఢిల్లీలో యమునా నది నుంచి నీళ్లు తోడే చోటికి మురుగు చేరి, 29 వేలమందికి పైగా కామెర్లు వచ్చాయి. అందరూ ఎ అనుకున్నారు. దాచి ఉంచిన సీరం నమూనాలని పాతికేళ్ల తర్వాత తీసి చూస్తే ఆ రోగులకి ఎ ఎప్పుడో వచ్చిపోయినట్టు తేలింది. వచ్చిపోయినది మళ్లీ రాదు, అంటే ఇది ఇంకేదో. 1980ల మొదట్లో బలయాన్ అనే సోవియట్ వైరాలజిస్టు కామెర్లు వచ్చిన సైనికుల మలం నుంచి తీసిన ద్రవాన్ని తానే తాగాడు. ఆయనకి అప్పటికే ఎ యాంటీబాడీ ఉంది. అయినా కామెర్లు వచ్చాయి. మైక్రోస్కోపులో కొత్త వైరస్ కనబడింది. అదే హెపటైటిస్ ఇ. గర్భిణులకి చివరి నెలల్లో వస్తే ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. అందుకే నీళ్లు మురికిగా వచ్చినప్పుడు ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె తాగే నీళ్లు తప్పకుండా కాచి ఇవ్వమని నేను ఎవరికైనా చెబుతాను.

పాతసైకిల్:

నా సంగతీ చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది.

45వ ఏట రక్తదానం చేశాను. వారం తర్వాత పిలిచి "హెచ్‌సీవీ రియాక్టివ్, ఇక మీరు రక్తం ఇవ్వకూడదు" అని ఒక చీటీ ఇచ్చారు. హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్. తర్వాత ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. రెండేళ్లు ఆ చీటీ పర్సులో మడిచి పెట్టుకుని తిరిగాను. భార్యకి చెప్పలేదు. పడుకునేటప్పుడు మధ్యలో దిండు పెట్టేవాణ్ణి, ఆమె దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది. ఆ రెండేళ్లు మా ఇద్దరి మధ్యా పాడయినవి ఇంకా పూర్తిగా బాగవలేదు. చివరికి ఒక డాక్టర్ ఆర్ఎన్ఏ పరీక్ష రాశారు. "నాట్ డిటెక్టెడ్" అని వచ్చింది. అంటే నాకు వచ్చిపోయిందా, లేక ఎప్పుడూ రాలేదా?

ల్యాబ్‌బెంచి:

అన్నయ్యా, మీ చీటీ మీద రాయాల్సిన రెండో వాక్యం రాయకపోవడం మా వృత్తిలోనే తప్పు. నాకు నిజంగా బాధగా ఉంది.

సి విషయంలో యాంటీబాడీ "ఉందా, పోయిందా" అన్నది చెప్పలేదు. సోకినవాళ్లలో దాదాపు 30 శాతం మంది ఆరు నెలల్లోపు మందు లేకుండానే వదిలించుకుంటారు. మిగతావాళ్లకి ఉండిపోతుంది. ఇద్దరికీ యాంటీబాడీ ఒకేలా కనబడుతుంది. మందు వాడి నయమైనవాళ్లకి కూడా అది అలాగే ఉంటుంది. వైరస్ ఉందో లేదో ఆర్ఎన్ఏ పరీక్ష ఒక్కటే చెబుతుంది. మీకు లేదు.

రెండో అవకాశం కూడా ఉంది. 1000 మందిని పరీక్షిస్తున్నాం అనుకోండి. నిజంగా సోకినవాళ్లు పదిమందే. పరీక్ష 99 శాతం కచ్చితం అనుకున్నా, మిగతా 990 మందిలో ఒక పదిమందిని తప్పుగా రియాక్టివ్ అంటుంది. అంటే వచ్చిన 20 రియాక్టివ్‌లలో సగం ఉత్తవే. రక్తదాతల్లాంటి ఆరోగ్యవంతుల్లో ఇది తరచూ జరుగుతుంది. మీకు రెండిట్లో ఏది జరిగిందో ఇప్పుడు తేల్చి లాభం లేదు. ఒక్కటి గుర్తుంచుకోండి, సి వచ్చిపోయినా రక్షణ ఇవ్వదు, మళ్లీ సోకొచ్చు. టీకా లేదు. కానీ ఒకవేళ ఉన్నా భయపడే కాలం పోయింది, 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమవుతుంది. వదినగారికి ఈ పోస్టు చూపించండి.

వేపచెట్టు:

ఒక అనుమానం. ఇంతమందికి వచ్చి, ఇంతమందికి పోతుంటే, అందరికీ పరీక్షలు చేసి భయపెట్టడం ఎందుకండీ? మేడమీదగది గారి ఇంట్లో ఇన్ని కన్నీళ్లు పరీక్ష వల్లే కదా.

ల్యాబ్‌బెంచి:

కన్నీళ్లు పరీక్ష వల్ల కాదండీ, దాన్ని చెప్పిన తీరు వల్ల.

వైరస్ పోనివాళ్ల కోసం పరీక్షలు చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2022 నాటికి బి వైరస్ ఒంట్లో ఉండిపోయినవాళ్లు 25 కోట్ల 40 లక్షలు, సి ఉన్నవాళ్లు 5 కోట్లు. ఆ ఏడాది హెపటైటిస్ వల్ల చనిపోయినవాళ్లు 13 లక్షలు. బి ఉన్నవాళ్లలో తమకి ఉందని తెలిసినవాళ్లు 13 శాతం మాత్రమే. మిగతావాళ్లకి కాలేయం గట్టిపడిపోయాకో, కణితి లేచాకో తెలుస్తుంది. వాళ్లు కూడా మనలాగే "నాకెప్పుడూ కామెర్లు రాలేదు" అనేవాళ్లే. అమెరికాలో 2023 నుంచి పెద్దవాళ్లందరూ జీవితంలో ఒక్కసారైనా ఆ మూడు పరీక్షలూ చేయించుకోవాలని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. వచ్చిపోయినవాళ్లకి కూడా ఉపయోగం ఉంది. మేడమీదగది గారి నాన్నగారికి ఆ పరీక్ష చేయకుండా రిటుక్సిమాబ్ ఎక్కించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

సర్వేలో ఉన్నప్పటి సంగతి ఇంకొకటి. ఐస్ పెట్టె భుజాన వేసుకుని నాలుగంతస్తులు ఎక్కి తలుపు కొడితే, తీసేది ఎక్కువగా ఇంట్లో ఉండే ఆడవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. పనికి వెళ్లిన మగవాళ్లు ఉండరు. హాస్టళ్లలోవాళ్లు, జైళ్లలోవాళ్లు, ఇల్లే లేనివాళ్లు మా లిస్టులోనే ఉండరు. సి వైరస్ ఎక్కువగా ఉండే అవకాశం వాళ్లలోనే. కాబట్టి ఇంటింటి సర్వేలో వచ్చిన సి అంకె ఎప్పుడూ అసలు కంటే తక్కువే అని నా నమ్మకం. ఒకావిడ సగం తెరిచిన తలుపు సందులోంచి "ఏదైనా ఉందని తేలితే మా అమ్మాయి పెళ్లి ఆగిపోతుంది, వద్దు తల్లీ" అని తలుపేసేసింది. ఆ ఇంటి నంబరు ఎదురుగా నేను "నిరాకరించారు" అని రాశాను. ఆవిడ ముఖం నాకింకా గుర్తుంది.

మేడమీదగది:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ల్యాబ్‌బెంచి అక్కా, మీరు రాసింది అమ్మకి రెండుసార్లు చదివి వినిపించాను. "అన్నయ్యకి ఉండిపోలేదు" అన్న చోట నన్ను ఆపి, మళ్లీ చదవమంది. అప్పటినుంచి ఆ మాట ఎత్తలేదు.

ఇంకో రెండు ప్రశ్నలు. అన్నయ్య ఏటా రక్తదానం చేస్తాడు, ఇక ఇవ్వొచ్చా? అమ్మకీ అన్నయ్యకీ కూడా మాత్రలు కావాలా?

ల్యాబ్‌బెంచి:

రక్తం సంగతి ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. కొన్ని దేశాల్లో కోర్ యాంటీబాడీ ఉంటే తీసుకోరు, ఇంకొన్నిచోట్ల ఆ పరీక్షే చేయరు. అన్నయ్యని వెళ్లి "నాకు ఇది రియాక్టివ్" అని తనే చెప్పమనండి, నిర్ణయం వాళ్లు తీసుకుంటారు. చెప్పడం మాత్రం తప్పనిసరి.

వాళ్లిద్దరికీ ఇప్పుడు మాత్రలు అక్కర్లేదు. ఎప్పుడైనా కీమో, అవయవమార్పిడి, కీళ్లవాతానికి ఇచ్చే బయలాజికల్ ఇంజెక్షన్లు, ఎక్కువకాలం పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు అవసరమైతే మాత్రం మొదలుపెట్టేముందే డాక్టర్‌తో చెప్పాలి. ముగ్గురి రిపోర్టులూ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కాగితం పదేళ్లకి దొరకదు. "యాంటీ హెచ్‌బీసీ రియాక్టివ్" అనే మాట వాళ్లకి నోటికి వచ్చేలా చెప్పండి, ఊరికే "లివర్ ఏదో ఉందట" అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు.

మేడమీదగది:

అక్కా, ఇవాళ నాకు మొదటి డోసు వేయించుకున్నాను. నాన్న కూడా వస్తానని పట్టుబట్టి వచ్చారు. మావారు అక్కడే పరీక్షకి రక్తం ఇచ్చారు, రిపోర్టు రావాలి. సిస్టరు నాకు సూది వేస్తుంటే నాన్న "మరి నాకూ వేయరా అమ్మా?" అని అడిగారు. "మీకు మీ ఒళ్లే వేసేసింది తాతగారూ" అందావిడ. దారి పొడుగునా ఆ మాటే నాలుగుసార్లు అన్నారు.

గ్లాసు మళ్లీ వంటింట్లోకి వచ్చింది. తువ్వాలు ఇంకా కిటికీ దగ్గరే ఉంది, నేను ఏమీ అనలేదు. గురువారం మొదటి కీమో.

ల్యాబ్‌బెంచి:

రెండో డోసు నెలకి, మూడోది ఆరో నెలకి. మూడోది అయిన ఒకటి రెండు నెలలకి యాంటీ హెచ్‌బీఎస్ చేయించుకో, 10 దాటిందో లేదో చూద్దాం. గురువారం ఎలా జరిగిందో రాయమ్మా.